యాభై గ్రాముల ఇసుక, రెండు కిలోల బియ్యం

1968 డిసెంబరు రెండో తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నా పగ మొదలైంది. నిమిషాలతో సహా చెప్పడానికి కారణం ఉంది. జనగామలో మా బడి సైన్సు గదిలో గోడ గడియారం నా బెంచీకి ఎదురుగా ఉండేది. తరగతి మొత్తం నా వైపు తిరిగి నవ్వుతుంటే ఎవరి ముఖమూ చూడలేక నేను ఆ గడియారాన్నే చూశాను.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి. ఆ రోజు పాఠం మెట్రిక్ కొలతలు. ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా సేర్లు, చటాకులు, గజాలు, ఫర్లాంగులు అంటున్న రోజులు. బడిలో మాత్రం మీటరు, లీటరు, గ్రాము. సైన్సు సారు కోస్తా నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. పాఠం బాగా చెప్పేవారు. ఆ మాట ఆయనకు చెందుతుంది కనుక రాస్తున్నాను. ఇక ముందు ఆయనకు నేను ఇచ్చేది ఏమీ లేదు.

ఆయన ఒక సుద్దముక్క పైకెత్తి, "దీని పొడవెంతో ముందు కంటితో చూసి చెప్పండి. తర్వాత స్కేలుతో కొలుద్దాం" అన్నారు. అందరికంటే ముందు నేనే లేచాను. రెండు వేళ్లు ఎడం చేసి చూపించాను.

"గింత ఉంటది సార్."

ఆయన సుద్దముక్కను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నారు.

"గింత! బాగుంది. గింత అంటే ఎన్ని సెంటీమీటర్లమ్మా? పది గింతలు ఒక గంతా? వెయ్యి గంతలు ఒక కిలోగంతా? బోర్డు మీద పట్టిక వేసి చూపించు, మేమూ నేర్చుకుంటాం."

తరగతి పగలబడి నవ్వింది. నవ్విన వాళ్లందరూ ఇంటికి పోతే గింత, గంత అనేవాళ్లే. వాళ్ల అవ్వలూ బాపులూ అనేదీ అదే. అయినా నవ్వారు. ఆ రోజు నుంచి మగపిల్లలు నన్ను చూస్తే చాలు, వేళ్లు ఎడం చేసి చూపించేవారు. సారు కూడా హాజరు పిలుస్తూ నా దగ్గరకు రాగానే ఒక్క క్షణం ఆగి పెదవి బిగించేవారు. ఆయన ఏమీ అనకపోయినా నవ్వు దానంతట అదే వచ్చేది.

నేను ఏడవలేదు. ఈ మనిషి చెప్పే కొలతలు ఈ మనిషికంటే బాగా నేర్చుకుంటానని అనుకున్నాను. నేర్చుకొని ఏం చేస్తానో అప్పటికి తెలియదు.

సైన్సు గదిలో బీరువా ఒకటి. దానికి తాళం. అందులో ఒక మీటరు స్కేలు, ఒక కొలజాడి, ఒక థర్మామీటరు, ఒక స్టాప్ వాచీ, అద్దాల పెట్టెలో ఒక త్రాసు. అన్నీ ఒక్కొక్కటే. ఆడపిల్లలం నలుగురం. ముందు మగపిల్లలు ముట్టుకున్నాక మా వంతు. మా వంతు వచ్చేసరికి గంట కొట్టేవారు. అందుకని నేను చేతులతో కాదు, కళ్లతో నేర్చుకున్నాను. స్కేలు కొస అరిగిపోయి ఉంటే ఒకటో గీత దగ్గర మొదలుపెట్టి, వచ్చిన దానిలోంచి ఒకటి తీసెయ్యాలి. కొలజాడిలో నీళ్లు అంచుల దగ్గర పైకి పాకుతాయి, నడుమ దిగి ఉంటాయి. కన్ను నీటి మట్టానికి దించి ఆ దిగిన చోటే చదవాలి. థర్మామీటరును నీళ్లలోంచి బయటికి తీసి చదివితే తప్పు. త్రాసులో ముందు ఖాళీ పళ్లేలతో ముల్లు నడుమకు వస్తోందో లేదో చూడాలి. తూకపు రాళ్లను వేళ్లతో పట్టకూడదు. చేతి చెమట కూడా బరువే.

మిగతాది ఇంట్లో సాధన చేశాను. స్టేషను బజారులో మాకు చిన్న కొట్టు ఉండేది. బియ్యం, జొన్నలు, పప్పులు. కొట్టు మా అవ్వది. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. బాపు పత్తి మిల్లులో పనికి పోయేవాడు. అవ్వ తరాజు ముందు కూర్చునేది. తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి పాత సేరు బాట్లు పట్టుకుపోయాక, ఆరు మూలల కొత్త ఇనుప కిలో బాట్లు వచ్చాయి. అవ్వ వాటితోనే తూచేది. కానీ పద్ధతి మార్చలేదు. తరాజు సరిగ్గా నిలిచాక ఇంకో పిడికెడు తీసి సంచిలో వేసేది. అది కొసరు. పప్పుకైతే చిటికెడు, బియ్యానికైతే పిడికెడు. కొసరు పడేదాకా కొనడానికొచ్చిన ఏ గిరాకీ సంచి మూతి మూసేది కాదు. అడగరు, సంచి అలాగే పట్టుకొని నిలబడతారు, అంతే.

ఒకసారి నేను, "అవ్వా, తూకం సరిపోయినంక మల్లెందుకేస్తవు? గది లెక్కల రాదు గదా" అంటే, "లెక్క బాటుతోని అయిపోయింది బిడ్డా. గిది మనిషికి" అంది.

నేను దవాఖానలో ఇచ్చిన మందుసీసా మీది గీతలతో బియ్యం కొలిచే మా సోలలో ఎన్ని నీళ్లు పడతాయో కొలిచాను. పక్కింటి సోల తెచ్చి కొలిచాను. రెండూ ఒకటి కాదు. అవ్వ నవ్వి, "మరి మన సోల పెద్దదా, ఆళ్లదా?" అంది. మాదే పెద్దది. ఆ రోజంతా అవ్వ ఆ మాట వచ్చిన వాళ్లందరికీ చెప్పింది.

ఇదంతా ఉబుసుపోకకు చేయలేదు. ఆ ఏడు మా బడి నుంచి ఒక ఆడపిల్లను వరంగల్‌కు పంపుతామన్నారు. అక్కడ హాస్టలు ఉన్న బడిలో సైన్సు చదవొచ్చు. సైన్సు సారు పెట్టే పరీక్షలో యాభైకి నలభై రావాలి. వస్తే పెద్దసారు చిట్టీ రాసిస్తారు. బాపు సూటిగా చెప్పాడు. "సీటొస్తే పో. ఆపను. రాకుంటే కొట్టుల కూసో. రెండేండ్లల్ల నీ పెండ్లి." మిగతా ముగ్గురు ఆడపిల్లలకు వెళ్లే ఉద్దేశం లేదు. అంటే ఆ సీటుకూ నాకూ మధ్య ఉన్నది ఆ సారు ఒక్కడే.

పరీక్ష డిసెంబరు ఇరవై మూడున పెట్టారు. ఐదు పనులు, ఒక్కో దానికి పది మార్కులు. స్కేలుతో పుస్తకం పొడవు కొలిచాను, పది. కొలజాడిలో నీళ్లు, పది. థర్మామీటరు, తొమ్మిది. స్టాప్ వాచీ, తొమ్మిది. అప్పటికే ముప్పై ఎనిమిది. చివరిది త్రాసు. యాభై గ్రాముల ఇసుక తూచి పెట్టాలి. దానికి రెండు మార్కులు వస్తే చాలు.

ఖాళీ పళ్లేలు చూసుకున్నాను. పట్టకారుతో యాభై గ్రాముల రాయి కుడి పళ్లెంలో పెట్టాను. ఎడమ పళ్లెంలో ఇసుక కొద్దికొద్దిగా పోశాను. అద్దం తలుపు మూసి చూశాను. ముల్లు అటూ ఇటూ ఊగి నడుమ నిలిచింది. సారు వంగి చూసి తల ఆడించారు. కలం తీశారు కూడా.

అప్పుడు నా చెయ్యి అద్దం తలుపు తెరిచింది. చిటికెడు ఇసుక తీసి పళ్లెంలో వేసింది. నేను ఆలోచించి చేసిన పని కాదు. తూకం నిలిచాక ఇంకో చిటికెడు వేయకుండా చెయ్యి వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో నేను ఎన్నడూ చూడలేదు. ముల్లు పక్కకు పోయింది.

"ఏమిటది?" అన్నారు సారు.

"కొసరు సార్."

ఆయన కలం మూత పెట్టేశారు. తరగతి వైపు తిరిగారు.

"విన్నారా? కొసరట. ఇది ప్రయోగశాల అనుకున్నాను. కాదు, వీళ్లమ్మ కొట్టు. అమ్మాయ్, సైన్సులో కొసరు ఉండదు. ఉన్నది ఉన్నంతే. బియ్యం కొట్టులో పుట్టిన చెయ్యి త్రాసుకు పనికిరాదు. సున్నా."

"సార్, ముల్లు నడుమల నిలిచింది మీరు చూసిండ్రు గద. ఆ ఇసుక తీసేస్త."

"నిలిచింది. తర్వాత నువ్వే చెడగొట్టావు. నేను చివరికి ఉన్నదే రాస్తాను."

యాభైకి ముప్పై ఎనిమిది. నన్నంటే సహించేదాన్నేమో. మా అవ్వ కొట్టును అన్నాడు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి.

ఇంటికి పోయి సున్నా వచ్చిందని చెప్పాను. ఎందుకు వచ్చిందో చెప్పలేదు. అవ్వ నేర్పిన చేతి వల్ల పోయిందని అవ్వకు ఎలా చెప్పను?

జనవరిలో ఉద్యమం జనగామకు వచ్చింది. పెద్ద తరగతుల పిల్లలు గంట కొట్టేసి బయటికి వచ్చారు. రోడ్డంతా జై తెలంగాణ. బడి ఒక రోజు ఉంటే మూడు రోజులు లేదు, తర్వాత అసలే లేదు. నేనూ ఊరేగింపులో నడిచాను, గొంతు పోయేదాకా అరిచాను. అందరూ ఉద్యోగాల గురించి, నీళ్ల గురించి, రాష్ట్రం గురించి అరిచారు. అవన్నీ నిజమే. నేను మాత్రం యాభై గ్రాముల ఇసుక గురించి అరిచాను.

మార్చి ఎనిమిది, శనివారం. బజారు బంద్‌లో ఉండి మూడో రోజు. పెద్ద కొట్లన్నీ మూశారు. మా కొట్టుకు సగం తలుపు వేసి ఉంది. అవ్వ పెరట్లో జొన్నలు చెరుగుతోంది. తరాజు ముందు నేను కూర్చున్నాను. అరుగు మీద పక్కింటి అన్న, మా బడిలోనే పదో తరగతి, కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. ఊరేగింపులో ముందు నడిచేవాళ్లలో ఒకడు.

సారు వచ్చారు. చొక్కాకు ఇస్త్రీ లేదు. గడ్డం మాసింది. చేతిలో గుడ్డసంచి. ఆయన భార్య అంతకు పదిరోజుల ముందే కన్నది. ఆ సంగతి బజారందరికీ తెలుసు.

"అమ్మాయ్, అమ్మగారున్నారా?"

"పని మీదున్నది సార్. ఏం గావాలె?"

"రెండు కిలోలు బియ్యం. ఎక్కడా ఇవ్వడం లేదు. ఇంట్లో..."

అరుగు మీద అన్న గొంతు సవరించుకున్నాడు. "ఏం సార్, గింత బియ్యమా, గంత బియ్యమా? జర సెంటీమీటర్లల్ల చెప్పుండ్రి, మాకు సమజయితలేదు."

సారు ముఖం ఎర్రబడింది. సంచిని ఇంకో చేతికి మార్చుకున్నారు.

"అన్నా, నువ్వు ఊకో. గిరాకి నాది" అన్నాను. ఆయన మీద జాలితో కాదు. ఆ వంతు నాది కనుక.

రెండు కిలోల బాటు తీసి బల్ల మీద పెట్టాను. తరాజు ఎత్తి ఖాళీ పళ్లేలు ఆయన ముఖం ముందు నిలబెట్టాను.

"ముందుగాల ఖాళీ తరాజు చూసుకోండ్రి సార్. సరిగ ఉన్నదా?"

"ఉందమ్మా."

"మంచిగ చూడుండ్రి. కన్ను కిందికి దించి చూడుండ్రి."

ఆయన వంగారు. నిజంగానే వంగి చూశారు. ఆ దృశ్యం నాకు యాభై ఏళ్లుగా తోడుంది, ఎప్పుడు తలుచుకున్నా తియ్యగానే ఉంటుంది.

బాటు వేశాను. బియ్యం పోశాను. బియ్యం వైపు మొగ్గింది. రోజూ అయితే అలాగే సంచిలో కుమ్మరించి, పైన కొసరు కూడా వేసేవాళ్లం. నేను తరాజు దించి ఒక పిడికెడు తీశాను. మళ్లీ ఎత్తాను. ఇంకా మొగ్గింది. చిటికెడు తీశాను. మళ్లీ ఎత్తాను. వేలికొసలతో నాలుగు గింజలు తీశాను. సారు నా చేతినే చూస్తున్నారు. అరుగు మీద అన్న కాళ్లు ఊపడం ఆపాడు.

అప్పుడు సారు ముందుకు వంగి, అరుగు మీదికి వినిపించదనుకొని, మెల్లగా అన్నారు. "నీ మార్కుల కాగితం ఇంకా పంపలేదు. బడి మూశారు కదా, నా దగ్గరే ఉంది. త్రాసు దగ్గర సున్నా వేశాను. దాన్ని రెండు చేస్తే నలభై అవుతుంది."

నా చెయ్యి ఆగింది. వరంగల్ నా కొట్టు తలుపు దగ్గరికి నడిచి వచ్చి నిలబడింది. సరేనంటే చాలు. ఇంకో పిడికెడు బియ్యం సంచిలో వేస్తే చాలు, మాట కూడా అక్కర్లేదు. బాపు పెట్టిన గడువు గుర్తుంది. పెళ్లి మాట గుర్తుంది. అన్నీ గుర్తుండే ఆయన కళ్లలోకి చూశాను.

"ఎట్ల చేస్తరు సార్? చివరికి ఉన్నదే రాస్తనన్నరు గదా."

"అప్పుడు కొంచెం కఠినంగా ఉన్నాను. ముల్లు నిలిచిన మాట నిజమే. రెండు మార్కులు వేయవచ్చు."

"గవి న్యాయంగ వచ్చేటియా, మీరు ఎక్కువేసేటియా?"

ఆయన చూపు అరుగు వైపు పోయింది. న్యాయంగా వచ్చేవే అని ఆయన అని ఉంటే, నీది సరైన తూకమే, నవ్వింది నా తప్పు అని ఒక్క మాట అని ఉంటే నేనేం చేసేదాన్నో తెలియదు. అనలేదు. "పంతాలకు పోకు. నీ చదువు సంగతి చూసుకో" అన్నారు.

"సైన్సుల కొసరు ఉండదు సార్. ఉన్నది ఉన్నంతే. రెండు కిలోలు సరిపోయినయి. సంచి పట్టుండ్రి."

పట్టారు. బియ్యం పోశాను. ఆయన సంచి మూతి మూయలేదు. ఏడాదిన్నరకు పైగా మా బజారులో కొంటున్న మనిషి, అలవాటయింది. అందరిలాగే సంచి తెరిచి పట్టుకొని నిలబడ్డారు. నేను తరాజు బోర్లించి పెట్టాను. చేతులు దులుపుకున్నాను. కొంతసేపటికి ఆయనకు అర్థమైంది. సంచి మూతి చుట్టుకొని వెళ్లిపోయారు.

చేట పట్టుకొని అవ్వ లోపలి నుంచి వచ్చింది.

"ఎవలు? సారేనా? కొసరేసినవా?"

"ఎయ్యలే."

"ఎందుకెయ్యలే?"

"గాయనకు వద్దట."

అరుగు మీద అన్న పకపకా నవ్వాడు. "వద్దనలే చిన్నవ్వా, అట్లనే నిలవడ్డడు. నీ బిడ్డ నాలుగు గింజలు సుత ఏరి తీసింది. గంతనే గాదు, రెండు మార్కులు ఎక్కువేస్త, వరంగల్ పోతవంటే ఎల్లగొట్టింది! శాబాష్!"

అవ్వ ఆ శాబాష్ వినలేదు. బస్తాలోంచి దోసెడు బియ్యం తీసుకొని చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. సారు అప్పటికే మలుపు తిరిగిపోయారు. దోసిలి అలాగే పట్టుకొని తిరిగొచ్చింది. ఆ బియ్యాన్ని బస్తాలో మళ్లీ పోయలేదు. కోళ్లకు వేసింది.

"గాయన ఏమన్నడో నాకెరుకలేదు" అంది, నా వైపు చూడకుండా. "బాలింత తినే ముద్దలకెల్లి గింజలేరినవు. లే తరాజు ముంగటికెల్లి."

"గాయన నీ కొట్టును అన్నడు అవ్వా. అందరి ముంగట అన్నడు."

"అంటే? కొట్టు కూలిందా?"

అవ్వకు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. కూలలేదు. కానీ ఆ మాట అన్నవాడు ఆ కొట్టు ముందే సంచి తెరుచుకొని నిలబడాలి. నిలబడ్డాడు. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ అలాగే తూస్తాను, నాలుగు గింజలు కాదు, ఐదో గింజ కూడా తీస్తాను.

ఏప్రిల్‌లో సారు సొంత ఊరికి బదిలీ చేయించుకొని వెళ్లారు. వెళ్లేముందు మార్కుల కాగితం పెద్దసారుకు ఇచ్చారు. నా పేరు ఎదురుగా ముప్పై ఎనిమిది. ఆయన కూడా ఒక్కటి తగ్గించలేదు, ఒక్కటి పెంచలేదు.

బాపు అన్నట్టే రెండేళ్లలో పెళ్లి చేశాడు, మహబూబాబాద్‌కు. అక్కడ ప్రైవేటుగా పరీక్షకు కట్టి పాసయ్యి, టీచరు ట్రైనింగు చేసి, చిన్నపిల్లల బడుల్లో ఉద్యోగం చేశాను. కొత్తగూడ అడవిలో కొన్నేళ్లు, చివరికి భూపాలపల్లి వైపు చిట్యాలలో. కొలతల పాఠం వచ్చినప్పుడల్లా నేను ఒక పని చేసేదాన్ని. చేతులు కట్టుకొని, పెదవి బిగించి, ఆ సారు గొంతుతో, ఆయన సాగదీతతో, "గింత అంటే ఎన్ని సెంటీమీటర్లమ్మా?" అనేదాన్ని. పిల్లలు పడిపడి నవ్వేవారు. కొత్తగూడ తండాల పిల్లలకు ఇంట్లో వేరే భాష. ఆయన తెలుగూ వాళ్లకు కొత్తే, నా తెలుగూ కొత్తే. వాళ్లు కూడా నవ్వేవారు, అందరికంటే ఎక్కువ. సుద్దముక్క చూపించి నవ్వించాక, ఆ ముక్కను పిల్లలందరి చేతికీ స్కేలుతో సహా ఇచ్చేదాన్ని. ముందు ఆడపిల్లలకు.

2011 సకల జనుల సమ్మెలో చిట్యాలలో బడి మూసి టెంటు కింద కూర్చున్నాం. పక్కన కూర్చున్న చిన్న టీచరమ్మ, "మేడం, గీ వయసుల గంత గట్టిగ అరుస్తున్నరేంది? గొంతు పోతది" అంది. పోతే పోనీ అన్నాను. రాష్ట్రం వచ్చింది. సంతోషించాను. దాన్ని ఈ లెక్కలో కలపలేదు. అది అందరిదీ, ఇది నాది.

ఇక పోయినవి. 1969లో చదువుల ఏడాది ఒకటి, అది అందరితో పాటు పోయింది. వరంగల్ సీటు, నా వల్ల పోయింది. సైన్సు చదువు దానితోనే పోయింది. ఉద్యోగం చేసిన ఏ బడిలోనూ అద్దాల పెట్టె త్రాసు లేదు కనుక, దాన్ని రెండోసారి ముట్టుకోలేదు. ఆ శనివారం తర్వాత అవ్వ నన్ను కొట్టులో కూర్చోనిచ్చింది గానీ తరాజు ముట్టనివ్వలేదు. పెళ్లయి వెళ్లేదాకా ముట్టనివ్వలేదు, తర్వాత పండుగకు వచ్చినప్పుడూ ముట్టనివ్వలేదు. అవ్వ 1994లో పోయింది. ఈ లెక్కలో చివరిది, ఆ రోజు కోళ్లు తిన్న బియ్యం, దోసెడు.